వేళ్లు కదపండి

ఎవరైనా బాత్రూములో జారిపడ్డారని తెలిస్తే మామూలు మనుషులు "అయ్యో పాపం" అంటారు. కట్లక్క మాత్రం "ఏ చెయ్యి?" అని అడుగుతుంది. తప్పు ఆవిడది కాదు, ఉద్యోగానిది. పెద్దాసుపత్రిలో కట్లు వేసే గది ఆవిడ చేతిలో ఉంది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, విరిగినదాన్ని సరిచేసి, చేతులు కడుక్కుని వెళ్లిపోతాడు. ఆ తర్వాత దూది చుట్టి, తడిపిన ప్లాస్టర్ చుట్టలు వరసగా తిప్పి, అరచేత్తో నిమిరి నునుపు చేసి, గట్టిపడేదాకా ఆ కాలినో చేతినో ఒళ్లో పెట్టుకుని కూర్చునేది కట్లక్కే. గట్టిపడ్డాక కట్టు చివర బయటికి కనిపించే వేళ్లకేసి చూస్తూ ఒకే మాట అడుగుతుంది.

"వేళ్లు కదపండి, చూద్దాం."

కదిలితే ఇంటికి పంపిస్తుంది. కదలకపోతే కోసి తీసి మళ్లీ వేస్తుంది. అసలు పేరు ఏనాడో రిజిస్టరుకే పరిమితమైపోయింది. ఆసుపత్రిలో వార్డుబాయి దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా అందరికీ ఆవిడ కట్లక్కే.

ప్లాస్టర్ ఆరేలోపు పేషెంట్లు ఊరుకోరు కదా, ఎలా పడ్డారో చెబుతారు. ఎవరి కథ మొదలుపెట్టినా మధ్యలో ఆ ముక్క రాక తప్పదు. "ఏం కాదులే అనుకున్నానక్కా." దయ్యాలంటే కట్లక్కకు భయం లేదు గానీ ఆ ముక్క వింటే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది.

ఆ భయమంతా ఆవిడ ఇంటికి మోసుకొచ్చేది. ఇంట్లో తడి నేల మీద అడుగు పెట్టకూడదు. అటక ఎక్కకూడదు. చీకట్లో మెట్లు దిగకూడదు. బల్బు మార్చాలంటే భర్త స్టూలెక్కాలి, తను రెండు చేతులా స్టూలు పట్టుకోవాలి. తనెప్పుడూ ఎక్కదు. "ఇంట్లో ఒకళ్లు పడ్డా రెండోవాళ్లు నిలబడి ఉండాలండీ. ఇద్దరం పడితే లేపేదెవరు?" అనేది. ఆ ఇంట్లో అది చట్టం. ఆవిడ ఆడపడుచైతే, "మా అన్నయ్యకి పెళ్లి చెయ్యలేదు, కట్టు వేశాం" అని చుట్టాలందరి ముందూ ఎగతాళి చేసేది.

ఆ అన్నయ్య అద్దాలాయన. కళ్లజోళ్ల దుకాణం వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆయన పని. మనిషి నెమ్మది, మాట ఇంకా నెమ్మది. ఆ గదిలో గోడకి ఒక పాత క్యాలెండరు ఉండేది. ఏడాది గడిచిపోయినా బొమ్మ కోసం దాన్ని తీయనివ్వలేదు. తెల్లటి మంచుకొండ, దాని మీంచి ఎర్ర కోటు వేసుకుని కిందికి జారుతున్న మనిషి. జోడు తయారయ్యాక పెట్టుకోమని, "ఆ కొండ మీద మనిషి కనిపిస్తున్నాడా?" అని అడిగేవాడు. కనిపిస్తున్నాడంటే జోడు కుదిరినట్టు. సగం ఊరికి ఆ మనిషిని చూపించాడు.

కాలం మారింది. దుకాణం యజమాని ఆ పనంతా చేసే మెషీను కొన్నాడు. అద్దాలాయన క్యాలెండరును చుట్టచుట్టి చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు. వచ్చి కుర్చీని గోడకేసి తిప్పుకుని కూర్చున్నాడు. తిండి పెడితే తిన్నాడు, లేకపోతే లేదు. గడ్డం చేసుకోవడం మానేశాడు. నెలల తరబడి ఆ వీపును చూస్తూ కట్లక్క డ్యూటీకి వెళ్లొచ్చేది. విరిగినదేదో తెలుస్తోంది, ఎక్కడ కట్టు వేయాలో తెలియలేదు.

ఒకరోజు ఆవిడ ఇంటికొచ్చేసరికి ఆయన నున్నగా గడ్డం గీసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"నేను మంచు మీద జారడం నేర్చుకుంటానే. స్కీయింగ్. మొదటిసారి నేర్చుకునే పెద్దవాళ్లకి పరదేశంలో కోర్సు ఉందట. దుకాణంవాళ్లిచ్చిన డబ్బు కట్టి చేరిపోయాను."

కట్లక్క చేతిలో సంచీ కింద పడింది.

అరిచింది, అలిగింది, రెండు రోజులు మాట్లాడలేదు. ఆయన వినలేదు. "ఇన్నేళ్లు అందరికీ చూపించాను. నేనే దగ్గర్నుంచి చూళ్లేదు" అన్నాడు. వద్దంటే మళ్లీ కుర్చీ గోడకేసి తిరుగుతుంది. సరేనంటే ఎముక విరుగుతుంది. రెండింటి మధ్యా నలిగి, చివరికి ఆయన్ని ఎముకల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఎక్స్‌రేలో ఏదో ఒక లోపం కనిపించకపోతుందా అని మనసులో ఆశ. డాక్టరు ఫిల్ము వెలుతురులో పెట్టి చూసి, "మేకుల్లా ఉన్నాయమ్మా ఈయన ఎముకలు. నిక్షేపంగా పంపించు" అన్నాడు. భర్త ఆరోగ్యంగా ఉన్నాడంటే ముఖం మాడ్చుకున్న ఇల్లాలు ఆ రోజు లోకంలో కట్లక్క ఒక్కతే అయి ఉంటుంది.

ఇక చేసేదేముంది, తనూ బయల్దేరింది. కోర్సుకు కాదు, ఆయన చెయ్యి పట్టుకోవడానికి.

పరదేశంలో కట్లు ఎలా వేస్తారో ఏమో, ఆవిడకి నమ్మకం లేదు. అందుకని పెట్టెలో స్వెట్టర్ల కింద ప్లాస్టర్ చుట్టలు, దూది చుట్టలు, వంకర ముక్కు కత్తెర సర్దింది. ఆ ఊరి విమానాశ్రయంలో దిగి పెట్టె తీసుకోగానే కస్టమ్స్ ఆఫీసరు దాన్ని తెరిచాడు. ఒక ప్యాకెట్ నొక్కాడు. తెల్లటి పొడి రాలింది. ఆయన ముఖం మారిపోయింది. ఇంకో ఆఫీసరును పిలిచాడు. వాళ్లిద్దరూ కలిసి మూడో ఆఫీసరును పిలిచారు.

కట్లక్కకి పై ప్రాణాలు పైనే పోయాయి. వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ గొంతులోనే ఆగిపోయాయి. చివరికి చేత్తో సైగ చేసి నీళ్లడిగింది. కాగితం గ్లాసుతో నీళ్లొచ్చాయి. భర్త ఎడమ చెయ్యి గుంజుకుని, దూది చుట్టి, ప్లాస్టర్ తడిపి, ఆ ఆఫీసర్ల ముందే మణికట్టుకి చకచకా కట్టు వేసేసింది. చేతులు పనిలో పడేసరికి వణుకు తగ్గింది. గట్టిపడుతున్నప్పుడు ప్లాస్టర్ వేడెక్కుతుంది. మూడోగా వచ్చిన పెద్దాఫీసరు వేలు పట్టుకుని దాని మీద పెట్టింది. ఆయన ముట్టుకుని నవ్వేశాడు. చుట్టలన్నీ వెనక్కిచ్చి పంపించారు.

అలా అద్దాలాయన విరగని చేతికి కట్టుతో ఆ ఊళ్లో అడుగుపెట్టాడు. బస్సులో ఎవరో లేచి సీటిచ్చారు. ఆయన ఆ చేతిని గుండెకి ఆనించుకుని, కుదుపు వచ్చినప్పుడల్లా కుడిచేత్తో కాసుకుంటూ కూర్చున్నాడు.

"ఏవండీ, ఆ చెయ్యి బాగానే ఉంది. దింపండి" అందావిడ.

"కట్టుంది కదే" అన్నాడాయన.

కట్లక్క నవ్వుకుంది. బసకి చేరాక వేడినీళ్లలో నానబెట్టి, కత్తెరతో కోసి తీసేసింది. ఆ తర్వాత కూడా ఆయన ఆ చేతిని కాసేపు మెల్లగానే వాడాడు.

చలికి అలవాటు పడాలని కోర్సు వాళ్లు కొన్ని రోజులు ముందే రమ్మన్నారు. కట్లక్కకి ఆ రోజులే నరకమయ్యాయి. ఆ ఊళ్లో నేలన్నదే కనిపించలేదు. రోడ్డు మీద మంచు తొక్కుడుపడి గాజులా మెరుస్తోంది. మెట్లు, బస్సు దిగే చోటు, దుకాణాల గుమ్మాలు, అన్నీ జారేవే. చూరుల నుంచి మంచు కడ్డీలు మొన కిందికి పెట్టి వేలాడుతున్నాయి. మధ్యాహ్నం కాఫీ తాగి లేచేసరికే వెలుతురు పోతోంది. మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వస్తోంది. ప్రతి అడుగుకీ ఆవిడ చూపు మనుషుల కాళ్ల మీదికే పోయేది. ఎవరు మడమ తప్పుగా వేస్తున్నారు, ఎవరు చేతులు జేబుల్లో పెట్టుకుని నడుస్తున్నారు, ఎవరు పడబోతున్నారు. ఎవరూ పడకపోతే ఇంకా భయం వేసేది.

మందుల దుకాణం అద్దాల వెనక ఏముందో చూసి ఆవిడ గుండె గుభేలుమంది. ఇంకే ఊళ్లోనైనా అక్కడ సబ్బులూ, పసిపిల్లల నూనెలూ పెడతారు. ఇక్కడ మోకాలి పట్టీలు, చంకకర్రలు, మెడపట్టీలు పండగ సరుకులా వరసగా పేర్చి ఉన్నాయి.

"చూశారా? అమ్ముడుపోకపోతే ఎందుకు పెడతారు?" అంది.

"గొడుగులమ్మే ఊళ్లో అందరూ తడిసిపోతారా ఏంటి?" అన్నాడాయన. ఆ ఊరి గాలి తగిలిన దగ్గర్నుంచి ఆయనకి మాటలొచ్చాయి. కళ్లలో వెలుగొచ్చింది. ఎదురొచ్చిన ప్రతివాడికీ తల ఊపుతున్నాడు.

వాళ్ల గది కిటికీలోంచి చూస్తే కొండ. దాని మీద చీమల్లా మనుషులు జారుతున్నారు. కోర్సుకి ఇంకా రెండు రోజులున్నాయనగా మధ్యాహ్నం పూట అద్దాలాయన కిటికీ దగ్గర నిలబడి పసివాడిలా నవ్వాడు.

"ఇలా రావే. ఆ కొండ మీద మనిషి కనిపిస్తున్నాడా?"

కట్లక్క వెళ్లి చూసింది. కనిపించాడు. పైనుంచి వేగంగా వస్తున్నాడు. చూస్తుండగానే ఒక కాలు పక్కకి పోయింది, మనిషి దొర్లాడు, కొంతదూరం జారి ఆగిపోయాడు. లేవలేదు. ఆవిడ ఊపిరి బిగబట్టి చూస్తూనే ఉంది. ఎర్ర కోట్ల వాళ్లిద్దరు పడవలాంటి బండి లాక్కుంటూ వచ్చారు. మనిషిని అందులో పడుకోబెట్టి, పట్టీలు బిగించి, కిందికి తీసుకుపోయారు.

అద్దాలాయన ఇదేమీ చూడలేదు. అప్పటికే మంచం మీద కూర్చుని కొత్త మేజోళ్లు కొలత చూసుకుంటున్నాడు.

"మీకొక మాట చెప్పలేదండీ" అంది కట్లక్క. "మీ ఎక్స్‌రే చూసి డాక్టరుగారు నాతో విడిగా అన్నారు. ఎముకలు గుల్లబారుతున్నాయట."

ఆయన చేతిలో మేజోడు ఆగిపోయింది. "మేకుల్లా ఉన్నాయన్నాడుగా?"

"మీరు బెంగపడతారని అలా అన్నారు."

"పడితే?"

ఒక అబద్ధం ఆడినవాళ్లకి రెండోది వెతుక్కోనక్కర్లేదు, నాలిక చివరే ఉంటుంది. "పడితే అతుక్కోవడం కష్టమట" అంది.

ఆయన కోప్పడలేదు. మేజోళ్లు రెండూ జతచేసి, మడిచి, పెట్టెలో పెట్టేశాడు. "చెప్పడం మంచిదైందే. ఎముకల విషయంలో నువ్వు అబద్ధం చెప్పవు" అన్నాడు.

కట్లక్క గెలిచింది. ఇన్నాళ్లకి ఊపిరి పీల్చుకుందామనుకుంది. పీల్చుకుంటే లోపల ఎక్కడో కలుక్కుమంది.

మర్నాటికి అద్దాలాయన ముసలివాడైపోయాడు. మంచం దిగడానికి ఆవిడ చెయ్యి అడిగాడు. స్నానాలగదిలోకి గోడ పట్టుకుని వెళ్లాడు. కుర్చీని కిటికీ దగ్గర్నుంచి జరిపి గోడకేసి తిప్పుకున్నాడు. ఆ వీపు చూడగానే ఆవిడకి ఇంటి దగ్గర గడిచిన నెలలన్నీ గుర్తొచ్చాయి. కాస్త గాలి పీల్చుకుందాం రమ్మని తనే బతిమాలింది.

బస బయట మెట్లున్నాయి. ఆ బస నడిపే ఇంటావిడ పొద్దున్నే మంచు ఊడ్చి, జారకుండా ఉప్పు చల్లి ఉంచింది. నిన్నటిదాకా ఆయన ఈల వేస్తూ దిగిన మెట్లే అవి. ఇప్పుడు రెండు చేతులా కమ్మీ పట్టుకుని, మోకాళ్లు వంచకుండా, కర్రలా బిగుసుకుపోయి దిగుతున్నాడు. చివరి మెట్టు మీద కాలు జారింది. చతికిలబడ్డాడు.

కట్లక్క ఒక్క అంగలో పక్కన వాలింది. తుంటి, తొడ, మోకాలు, చీలమండ, వరసగా తడిమి చూసింది. ఆ చేతులకి తెలియనిది లేదు. ఎక్కడా ఏమీ కాలేదు. వాపు లేదు, వంకర లేదు.

"ఏం కాలేదండీ, లేవండి."

"కదిలించకు. విరిగి ఉంటుంది" అన్నాడాయన. ముఖం పాలిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంటావిడ పరుగెత్తుకొచ్చి రెండో పక్క నిలబడింది. కట్లక్క ఆయన బూటు, మేజోడు లాగేసింది. ఆ చలిలో పాదాన్ని ఒళ్లో పెట్టుకుని అడిగింది.

"వేళ్లు కదపండి, చూద్దాం."

"కదలడం లేదే."

నిజంగానే కదలలేదు. ఎన్ని వందల కాళ్లని అడిగిందో ఆ మాట. నుజ్జయిన కాళ్లు కూడా ఎంతో కొంత కదిలాయి. ఇక్కడ చెక్కుచెదరని కాలు, నిన్న పొద్దున ఆ వీధులన్నీ తిరిగిన కాలు, ఆవిడ ఒళ్లో చచ్చుబడి ఉంది. పడేస్తుందని మంచుకి భయపడింది ఇన్నాళ్లూ. మంచు ఏమీ చేయలేదు. ఈ పని తను చేసింది. కొండ మీద మనిషిని చూసినప్పటి కంటే ఎక్కువ భయమేసింది కట్లక్కకి.

ఇద్దరూ చెరో భుజమూ పట్టి ఆయన్ని గదికి చేర్చారు. తలుపు వేయగానే కట్లక్క మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయింది.

"నేను అబద్ధం చెప్పానండీ. డాక్టరుగారు ఏమీ అనలేదు. మీ ఎముకలు మేకులే. మిమ్మల్ని ఆపాలని చెప్పాను. భయమేసి చెప్పాను."

ఆయన ఆవిడ తల మీద చెయ్యి వేశాడు.

"నన్ను ఊరడించకే."

"మీ మీద ఒట్టు! కావాలంటే డాక్టరుగారికి ఫోను చేస్తాను."

"చేస్తావు. నువ్వు చెప్పమన్నదే ఆయన చెబుతాడు. ఒకసారి మేకులని చెప్పలేదూ?"

ఇప్పుడేం చెయ్యాలి? ఆవిడ ఏడ్చింది, మొత్తుకుంది. ఎంత ఏడిస్తే అంత నమ్మకం కుదిరింది ఆయనకి, జబ్బు పెద్దదేనని.

కోర్సు మొదలయ్యే రోజు వచ్చింది. రాలేమని చెప్పకుండా ఎగ్గొట్టడం మర్యాద కాదని అద్దాలాయన బయల్దేరాడు. ఆవిడ భుజం పట్టుకుని, గోడల వారగా, అడుగులో అడుగేసుకుంటూ కొండ కిందున్న బూట్ల గదికి చేరాడు. లోపల తడి మేజోళ్ల వాసన, బల్లల మీద కొత్తగా చేరినవాళ్లు, బూట్ల చప్పుడు. పాఠం చెప్పే అమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చింది. ఆయన వచ్చిన ఇంగ్లీషులో "సారీ" అని మొదలుపెట్టాడు.

కట్లక్క ఆయన్ని దాటుకుని ముందుకెళ్లింది. గోడ నిండా ఉన్న బూట్లు చూపించి, రెండు వేళ్లు ఎత్తింది. ఆయనకొక జత. తనకొక జత.

అమ్మాయి సంతోషంగా తలూపింది. చోటుందట. బూట్లు ఇచ్చేవాడు ఆవిడ పాదం కొలిచి ఒక జత తెచ్చి ముందు పెట్టాడు. కట్లక్క బల్ల మీద కూర్చుని పాదం లోపలికి తోసింది. పిక్క దాకా గట్టిగా, బరువుగా, ఎటూ వంగకుండా పట్టేసింది ఆ బూటు. ఆవిడకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అచ్చం సిమెంటు కట్టే. జీవితమంతా ఒకరికి వేయడమే గానీ లోపల ఎలా ఉంటుందో ఇంతవరకూ తెలియదు.

అద్దాలాయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"నీకేమన్నా పిచ్చా? స్టూలు ఎక్కనిదానివి, కొండెక్కుతావా?"

"ఎక్కుతాను."

"ఇద్దరం పడితే లేపేదెవరే?"

"మీరే" అంది కట్లక్క. "మీ ఎముకలు గుల్లవైతే నేను కాలు విరగ్గొట్టుకుంటానా? మిమ్మల్ని మొయ్యడానికి నేనొక్కదాన్నైనా నిలబడాలి కదా. ఆలోచించండి. మీరు మేకులా ఉన్నారు కాబట్టే కూర్చున్నాను ఇక్కడ. చచ్చేంత భయంగా ఉంది నాకు."

ఆయన కళ్లజోడు సర్దుకుని ఆవిడ ముఖంలోకి చూశాడు. అరగదీసిన అద్దాన్ని వెలుతురుకి పట్టి గీత ఉందేమో చూసినట్టు, తీరిగ్గా చూశాడు. ఆ ఇంటి చట్టం ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? దాన్ని పెట్టిన మనిషి పెదాలు వణుకుతూ, బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

అద్దాలాయన ఆనుకున్న గోడ మీంచి చెయ్యి తీసేశాడు. దేన్నీ పట్టుకోకుండా, ఎవరి సాయమూ అడగకుండా, మోకాలు టక్కున నేలకి తగిలేలా ఆవిడ ముందు వంగి కూర్చున్నాడు. బూటు పట్టీలు ఒక్కొక్కటే బిగించాడు. చేత్తో పైనుంచి కింది దాకా నిమిరి చూశాడు.

"కాలు వణుకుతోందే" అన్నాడు.

"తెలుసు."

"వేళ్లు కదుపు, చూద్దాం."

కట్టు చివర వేళ్లు బయటికి ఉంటాయి, ఆవిడ ఎప్పుడూ కళ్లతో చూసుకునేది. ఇక్కడ వేళ్లు కూడా లోపలే ఉన్నాయి. కదిలాయో లేదో ఆయనకి కనిపించదు. ఆవిడ చెబితేనే తెలియాలి.

"కదిలాయండీ" అంది కట్లక్క.

"నిజంగా?"

"నిజంగా."

ఆయన తలూపి, రెండో బూటు అందుకున్నాడు.